పైగా నవాబుల గచ్చు

కుంపట్ల ఇంకో నాలుగు బొగ్గులెయ్యి బిడ్డా. దగ్గరికి జరుగుర్రి. నిన్న ఫలక్‌నుమా మహలు గేటు దాకా పోయి తిరిగొచ్చిండ్రట గద. లోపలికి పోనియ్యకపోతే మాయె, దాని ముచ్చట నేను జెప్త. అది కట్టించినోడు యాడ పండుకున్నడో గూడ జెప్త.

పైగా ఖాందాన్ అంటె నిజాం తర్వాత నిజామంతటోళ్లు. మొదటాయన అబుల్ ఫతే ఖాన్, బిరుదు తేగ్ జంగ్. రెండో నిజాం కొలువుల పెద్ద సర్దారు. సర్కారుకు ఫౌజును సాకుడు ఈళ్ల పని, అందుకు జాగీర్లిచ్చిండ్రు. నిజాం ఇంటి ఆడబిడ్డలను గూడ ఈళ్లింటికే ఇచ్చుకున్నరు. పోనుపోను మూడు పాయలైండ్రు: ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా. మలక్‌పేట అవుతల గుట్ట మీది ఆస్మాన్‌గఢ్ ఆస్మాన్ జాది. ఫలక్‌నుమా వికారుల్ ఉమ్రాది. పేర్లు చూసిండ్రా, ఒగడు ఆస్మాన్ అంటె ఇంకోడు ఫలక్ అన్నడు. రెండూ ఆకాశమే!

ఈ వికారుల్ ఉమ్రా ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా తోడబుట్టినదాన్ని చేసుకున్నడు. తర్వాత దివాన్‌గిరీ గూడ చేసిండు. 1884 ల ఫలక్‌నుమా గుట్ట మీద పని మొదలువెట్టిండు. ఇటలీ పాలరాయి తెప్పిచ్చిండు. 101 మంది ఒక్క బంతిల కూసుండి తినే బల్ల చేయిచ్చిండు. తొమ్మిదేండ్లు, 40 లక్షలు! అప్పటి రూపాయలు, యాది పెట్టుకోర్రి. మీదికెల్లి చూస్తె మహలు తేలు తీరు కనవడ్తదంటరు. ఆ తేలు కట్టినోన్నే కుట్టింది, అప్పులల్ల మునిగిండు. నిజామును మెహమాన్‌గ పిలిచిండు, ఆయనకు అది మస్తు నచ్చింది, ఈయన నజరానా అన్నడు, ఆయన పైసలిచ్చి తీస్కున్నడు. గిదీ జనం జెప్పే కత. ఎట్లైతేంది, 1897, 98 నాటికి మహలు నిజాంది అయింది. 1911 ల మహబూబ్ పాషా కండ్లు మూసింది గూడ ఆడనే. ఆయనను మాత్రం మక్కా మసీదుల పెట్టిండ్రు. ఇప్పుడది తాజ్ వాళ్ల హోటలు, 2010 సంది.

మరి కట్టిచ్చినాయన? పిసల్‌బండల. సంతోష్‌నగర్ దిక్కు, గల్లీల నడుమ ఉంటది. ఖాందానోళ్లందరి గోరీలు ఆడనే. 1787 ల ఆ గోరీల జాగను తేగ్ జంగ్ మొదలువెట్టిండు, కొడుకు దాన్ని ఇంకింత సింగారిచ్చిండు. గోల్కొండ కాడి కుతుబ్‌షాహీ గోరీల తీరు పెద్ద పెద్ద గుంబజులు ఈడ కానరావు. అందుకే ఎవ్వలు పోరు. పోనోళ్లకే నష్టం.

నాకైతె ఫలక్‌నుమా కంటె గదే ఎక్కువ. మేస్త్రి కొడుకును గద, పాలరాయి చూస్తె నాకేమనిపియ్యది. అది కొనుక్కచ్చింది. గచ్చు అట్ల గాదు, చేతులతోని చేసింది. డంగుసున్నం గానుగల తిప్పాలె, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపాలె, పూసినంక గుండ్రాయితోని రుద్దాలె, అద్దం లెక్క మెరిసేదాక. పిసల్‌బండల గోడలకు, కమాన్లకు గా సున్నంతోనే పూలు, తీగెలు, పండ్లు తీసిండ్రు. జాలీలల్ల ఒగ తీరు గాదు, ఎన్నెన్ని తీర్లో. ఎండ వడితె ఆ జాలి నీడ గోరీ మీద పరుసుకుంటది.

నడుమ జరంత పాడైంది. 1949 ల జాగీర్లు పోయినంక గంత పెద్ద జాగను ఏమి వెట్టి సూసుకుంటరు? ఎవ్వలో సిమెంటు గూడ పూసిండ్రు. పాత గచ్చు మీద సిమెంటు పూసుడంటె బతికున్నోని మూతి మూసినట్టే. లోపలి తడి బయటికి రాదు, పెచ్చులు లేస్తయి. తర్వాత ఆగాఖాన్ ట్రస్టోళ్లు ఆరు గోరీలు బాగుచేసుడు పట్టిండ్రు, దానికి 2023 ల అమెరికా సర్కారు రెండున్నర లక్షల డాలర్లు ఇస్తనన్నది. మళ్ల సున్నంతోనే పని.

నేను పదేండ్లోన్ని ఉన్నప్పుడు మా నాయిన నన్ను ఆడికి తోల్కపోయిండు. ఎండాకాలం, నడి మద్యాన్నం. చెప్పులిడిపిచ్చి, నా అరచేయి పట్టి గోడకు ఆనిచ్చిండు. సల్లగ, కుండకు ఆనిచ్చినట్టుండె. "పూలు తర్వాత చూద్దువు, ముందుగాల గిది చూడు" అన్నడు.

ఏందిరా, ఆవలిస్తున్నవు? పండుకోర్రి ఇగ. పొద్దుగాల లేస్తె ఆటో మాట్లాడుత, పిసల్‌బండకు పోదాం.