ఎముక తెల్లగా కనిపిస్తే గట్టిదేనా?

మన నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో నీళ్ళ మాట రాని ఇల్లుండదు. ఉదయగిరి వైపు బోరు నీళ్ళు తాగితే పళ్ళకు గార పడుతుందని, నడుం బిగుసుకుపోతుందని పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. ఆ మాట వెనక వైద్య చరిత్రలో చాలా పెద్ద సంగతి ఉందండీ.

1937లో షార్ట్ అనే డాక్టరుగారు, ఆయన తోటివాళ్ళు నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల ఎముకలు పాడుచేస్తున్నది నీళ్ళలోని ఫ్లోరైడేనని రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర అక్కడే మొదలు. అప్పటికి కనిగిరి, పొదిలి కూడా మన జిల్లావే, 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. ఈ జబ్బులో ఎక్స్‌రే తీస్తే వెన్నెముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. మనిషి మాత్రం మెడ తిప్పలేడు, వంగలేడు.

విచిత్రం చూడండి, 1960ల్లో విదేశీ డాక్టర్లు అదే ఫ్లోరైడును ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకు మందుగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఎముక దట్టమైతే విరగదు గదా అని! 1990లో అమెరికాలో 202 మంది మీద నాలుగేళ్ళ పరిశీలన ఫలితం వచ్చింది. ఫ్లోరైడు తీసుకున్నవాళ్ళ వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, మిగతా చోట్ల విరగడం మూడింతలైంది. మన మెట్ట పల్లెల్లో ఎప్పుడో కనబడిందే కదా అనిపిస్తుంది నాకు.

అందుకే ఈ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు స్కాన్‌లో సాంద్రత బాగుందని వస్తే నిశ్చింతగా ఉండిపోకూడదు. మా ఊరి నీళ్ళు ఇవీ అని డాక్టరుకు ముందే చెప్పాలి.

ఎముకలకు హార్మోన్లు కూడా ఇచ్చేవాళ్ళు. 2002లో వాటి వల్ల గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్ భయం బయటపడి వాడకం బాగా తగ్గింది. 1995 నుంచి వారానికో, రోజుకో వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఉంది. అది ఎముకలోనే ఏళ్ళ తరబడి నిలవుంటుంది కాబట్టి, అయిదేళ్ళు వాడాక కొందరికి డాక్టర్లే విరామమిస్తారు.

2010లో వచ్చిన డెనోసుమాబ్ సూది కథ వేరు. ఆరునెలలకొకటి. ఇది ఎముకలో నిలవుండదు. గడువు దాటిందా, అరుగుదల మునుపటికంటే జోరుగా మొదలవుతుంది. కూడబెట్టిన బలం ఏడాది రెండేళ్ళలో పోతుంది. కొందరికి వెన్నుపూసలు రెండు మూడు ఒకేసారి నలిగిపోతాయి, కింద పడకపోయినా సరే.

చిక్కంతా ఇక్కడే. ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్ళి రావాలంటే ఒక పొద్దంతా పోతుంది. కోడలికి తీరిక ఉండాలి, చేతిలో డబ్బుండాలి. మా పెద్దమ్మైతే "నొప్పే లేదు గదే, ఇంకా ఎందుకా సూది?" అంటుంది. నొప్పి లేనంత మాత్రాన ఎముక అరగడం ఆగినట్టు కాదని ఆమెకు చెప్పీ చెప్పీ అలసిపోయాం. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేసేవాళ్ళూ ఉన్నారు. పళ్ళ డాక్టరుకు, ఎముకల డాక్టరుకు ఇద్దరికీ చెబితే వాళ్ళే తేదీలు చూసుకుంటారు.

నిజంగా మానాల్సి వస్తే, దాని బదులు అలెండ్రోనేట్ మాత్రో, జోలెడ్రోనిక్ ఆమ్లం సూదో వెంటనే మొదలుపెట్టాలి. ఏది, ఎప్పుడనేది డాక్టరే చెప్పాలి.

మా ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టాం. సంక్రాంతికి పడింది, మళ్ళీ ఆషాఢంలో. బస్సు ఛార్జీలకు డబ్బులు పోపుల డబ్బాలో విడిగా పెట్టాను.