అన్నదమ్ముల బూట్లు

మొన్న వానలో మా అమ్మాయి మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చింది. ఫుట్‌బాల్ ఆడుతూ జారిపడిందట. కాళ్ళకున్నవి వాళ్ళన్నయ్య పాత బూట్లు. వదులుగా ఉన్నాయని ముందు గుడ్డ కుక్కి వేసుకుంటోంది. అడుగున బొడిపెలు (వాటిని స్టడ్స్ అంటారు) అరిగి నున్నగా అయిపోయాయి. "కొత్తవి కొనవా అమ్మా?" అంది. "ఆడపిల్లవి, ఆడేది నాలుగు రోజులు. దానికి అంత ఖరీదా?" అనేశాను. అన్నాక నాకే మనసు బాగోలేదు. ఈ బూట్లలో అంత ఏముందో చూద్దామని కూర్చుంటే, చివరికి ఒక ఇంటి కథ దొరికింది.

జర్మనీలో హెర్జోజెనౌరాఖ్ అని ఒక చిన్న ఊరు. అక్కడ పౌలీనా అనే ఇల్లాలు ఇంట్లోనే బట్టలుతికే పని చేసేది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆవిడ చిన్నకొడుకు ఆడి డాస్లర్ ఆ ఉతికే గదిలోనే బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. అన్న రుడాల్ఫ్ తోడయ్యాడు. 1924లో ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారు. ఒకే వ్యాపారం, ఒకే ఇంట్లో ఇద్దరి కాపురాలు. ఉమ్మడి కాపురం చేసిన మనకి మిగతాది చెప్పక్కర్లేదు కదా! 1948లో విడిపోయారు. అన్న పెట్టింది ప్యూమా. తమ్ముడు తన పేరు, ఇంటిపేరు కలిపి 1949లో అడిడాస్ పెట్టాడు. ఊరు కూడా రెండుగా చీలింది. అక్కడివాళ్ళు ముందు ఎదుటివాళ్ళ కాళ్ళకేసి చూసి, ఆ తర్వాతే పలకరించేవారట. అన్నదమ్ములిద్దరూ పోయాక కూడా ఒకే శ్మశానంలో చెరో చివరా ఉన్నారు.

ఆడి బూట్లకు పేరు తెచ్చింది వానే. 1954 ప్రపంచకప్ ఫైనల్, జులై 4, స్విట్జర్లాండ్‌లోని బెర్న్. పశ్చిమ జర్మనీకి ఎదురు హంగరీ. అంతకు ముందే హంగరీ వీళ్ళని 8-3తో చిత్తు చేసింది. ఆ రోజు వాన పడింది. ఆడి బూట్లకు స్టడ్స్‌ని మరల్లా తిప్పి మార్చుకోవచ్చు. బురదలో పట్టు దొరికేలా పొడవైనవి బిగించారు. రెండు గోల్స్ వెనకబడిన జర్మనీ 3-2తో గెలిచింది. బూట్లే గెలిపించాయని నేననను. కానీ జారకుండా నిలబడితేనే కదా ఆట!

ఇది మనకీ తెలిసొచ్చిన సంగతే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టుకి కోచ్ హైదరాబాద్‌కి చెందిన రహీమ్ సాహెబ్, బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. మనవాళ్ళలో ఎక్కువమంది ఉత్తి కాళ్ళతో ఆడారు. మన పొడి నేలల మీద చెల్లిన అలవాటు ఆ చలిదేశంలో చెల్లలేదు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956లో మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ సాహెబ్ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం అందులో ఉన్నాడు.

తర్వాత అడిడాస్ నుంచి 1979లో కంగారూ తోలుతో మెత్తటి కోపా ముండియాల్, 1994లో బంతిని పట్టి తిప్పేలా పైన రబ్బరు పలకలున్న ప్రిడేటర్ వచ్చాయి. 1978లో ఆడి పోయాక కంపెనీని 1984 దాకా నడిపింది ఆయన భార్య కేథే. ఆవిడ అంత పెద్ద కంపెనీని నడిపినా, ఆడే ఆడపిల్లలకి మాత్రం చాలా ఏళ్ళు మగవాళ్ళ కొలతల బూట్లే గతి. ఆడవాళ్ళ మడమ సన్నం, పాదం తీరు వేరు. మరో పెద్ద కంపెనీ నైకీ, ఆడవాళ్ళ పాదాన్ని దృష్టిలో పెట్టుకుని ఫాంటమ్ లూనా తెచ్చింది 2023లో!

అంటే మా ఇంట్లో జరుగుతున్నదే ప్రపంచమంతా జరిగిందన్నమాట. అన్న బూట్లలో గుడ్డ కుక్కి చెల్లెలికివ్వడం.

ఖరీదైనవి నేను కొనలేను. మన కోనసీమ నేల వానాకాలం బురద, వేసవిలో ఇటుక. గట్టి నేలకి పొట్టి స్టడ్స్, బురదకి పొడవైనవి కావాలని ఇప్పుడు తెలుసు. నిన్న రాత్రి అమ్మాయిని కూర్చోబెట్టి, పాదం కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీశాను.

"ఎందుకమ్మా?" అంది.

"ఆదివారం అమలాపురం వెళ్తున్నాం. ఈసారి నీ కొలతకే" అన్నాను.