తుఫానులోని పడవకు ఛాయాచిత్రమేది?

మౌలాలి గుట్ట కదలదు. ఛాయాచిత్రకారుడు ఎంతసేపు నిలువుమనిన అంతసేపు నిలుచును. సముద్రముమీది పడవ అట్లు కాదు. అందునా తుఫానులో చిక్కిన పడవ రెప్పపాటైనను ఒకచోట నిలువదు. గుట్టను పట్టిన కెమెరా పడవను పట్టుటకు దాదాపు నలువది సంవత్సరములు పట్టినది. కడలికి ఇంత దూరమున, ఈ గుట్ట నీడన నున్న మేము ఆ ముచ్చటను ఎత్తుకొనుటకు కారణము కలదు. ఛాయాచిత్రకళ చరిత్రయు, తెలుగు తీరపు ఉప్పెనల చరిత్రయు ఒకే సంవత్సరమున ఎదురుపడినవి.

1839 ఆగస్టు 19వ తేదీన దాగేర్ కనిపెట్టిన పద్ధతి పారిస్ నగరమున లోకమునకు వెల్లడి చేయబడినది. అదే సంవత్సరము నవంబరు 25వ తేదీన గోదావరి ముఖమున నున్న కోరంగి రేవును ఉప్పెన ముంచివేసినది. ఓడలు కట్టుటలో పేరు మోసిన రేవది. 1789లో ఒకసారి దెబ్బతినియు లేచినది. ఈ మారు మరల పూర్వపు దశకు రాలేదు. బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించిన హెన్రీ పిడ్డింగ్టన్, చుట్టచుట్టుకొన్న పామును తలపించు గ్రీకు మాట నుండి 'సైక్లోన్' అను పేరును 1848లో ప్రచారమునకు తెచ్చెను. కోరంగి ఓడలకు మాత్రము ఛాయాచిత్రము లేదు. నాటి పలకపై బొమ్మ పడుటకు నిమిషములు కావలెను. అలపై ఊగు నావ ఆ పలకమీద పొగమంచువలె మిగులునే గాని, నావగా మిగులదు.

1864 నవంబరు 1వ తేదీన బందరును ఉప్పెన ముంచినది. ముప్పదివేల మంది మరణించిరని అంచనా. అప్పటికి గాజు పలకలు వచ్చినవి. కాని వాటికి మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, చీకటి గుడారములోనే కడుగవలెను. గాలివానలో గుడారమేది? ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ ల గ్రే 1857 నాటికే అలలను పట్టగలిగెను. అది మిక్కిలి వెలుతురుగల వేళల మాట. తుఫానుకు వేగమున్నది, వెలుతురు లేదు.

1871లో డాక్టరు మాడక్స్ సూచించిన పొడి పలక క్రమముగా ఈ చిక్కును విడదీసినది. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1880 తరువాతి దశాబ్దిలో మన సికింద్రాబాదున స్టూడియో తెరచిన రాజా దీనదయాళ్ ఆ మార్పు కాలపు మనిషి. కదలని కట్టడములనే గాక సైనిక విన్యాసములను సైతము ఆయన చిత్రించెను. ఇక పడవను పట్టుటకు పలక అడ్డు కాదు.

అయినను 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టినప్పుడు మనము చూచిన ఛాయాచిత్రములు తరువాతివే: కూలిన ఇండ్లు, పొలములలో శవములు. పదివేల ప్రాణములు పోయినవి. ఆ ఘడియలో ఒడ్డున నిలిచి బొమ్మ తీయగల వాడెవడు? పడవలోని వానికి తెడ్డే గాని కెమెరా లేదు.

కెమెరా పైకెక్కిన తరువాతనే కథ మారినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన టైరోస్ ఉపగ్రహము మేఘములను ఆకాశమునుండి చిత్రించినది. 1983లో మన ఇన్సాట్-1బి ఆ పనికి పూనుకొన్నది. ఆ బొమ్మలో పడవ కానరాదు. తుఫాను చుట్ట మాత్రమే కానవచ్చును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖను తాకకముందే, వేటకు పోవలదని బెస్తపల్లెలకు హెచ్చరికలు వెళ్లినవి. పడవలు పగిలినవి గాని, రాష్ట్రమున మృతుల సంఖ్య నూరు దాటలేదు.

బొమ్మ ఒక్కటియే ప్రాణము కాపాడదు. దివిసీమలో అనేక పల్లెలకు హెచ్చరిక చేరనేలేదు. ఆకాశమున చూచినదానిని ఒడ్డునున్న చెవికి చేర్చునది మాట; ఆ మాటను మోయు సాధనములలో మన రేడియో ఒకటి. తుఫాను ఛాయాచిత్రములలో మేలైనది ఏదని మమ్మడిగిన, సముద్రముమీద ఒక్క పడవయు లేని చిత్రమందుము.