సుందా దేశపు వెదురువాద్యము – పాశ్చాత్య వాద్యబృందము

జావా ద్వీపమున పశ్చిమభాగమందలి జనులను సుందీయులందురు. బందుంగు వారి ముఖ్యపట్టణము. వారి వరిపైరునకు అధిదేవత శ్రీదేవి. ఆ పేరు మన దేశమునుండి పోయినదే. ఆ తల్లిని మెప్పించుటకై పొలములయందు వారు ఊపెడి వెదురువాద్యమునకు అంక్లుంగు అని పేరు.

వారి సంగీతము ప్రధానముగా ఐదు స్వరములది. అందు కొన్ని హార్మోనియపు మెట్టునకును మెట్టునకును నడుమ పడును. కనుక పాశ్చాత్య వాద్యములతో కలిపినచో చెవికి రాపిడి పుట్టును. నాటకములలో ఆ పెట్టె ప్రక్కన గమకము పాడబోయి తడబడినవారిని మీరు చూచియేయుందురు. మన రేడియోవారే 1940లో దానిని వెలివేసి, చాలకాలము దూరముంచిరి.

ఈ చిక్కును విప్పినవాడు దేంగ్ సుతిగ్నా. అతడును నావలె బడిపంతులే. కునింగన్‌లో నుండగా యాచకులు అంక్లుంగు నూపుచు అతని వాకిటికి వచ్చిరట. దేవతను కొలిచిన వాద్యము భిక్షకు దిగినది! అతడొక వృద్ధునికడ దానిని చేయు పని నేర్చి, 1938లో వెదురుగొట్టములను చెక్కి చెక్కి పాశ్చాత్యుల స్వరములకు సరిపెట్టెను. ఒక్కొక్క బాలుని చేత ఒక్కొక్క స్వరము. తన వంతు తప్పినచో పాట కుంటుపడును. ఇంతకు మించిన క్రమశిక్షణ బడిలో నేనెన్నడు నేర్పలేకపోతిని. 1955లో బందుంగు మహాసభకు మన నెహ్రూ పండితుడు పోయినప్పుడు అతిథులకు వినిపించినది ఈ వాద్యమే. పెద్ద వాద్యబృందములతో కలిసి మ్రోగుటయు దీనివలననే సాధ్యమైనది.

అయినను నాకొక బాధ కలదు. వెదురు నిలిచెను గాని, అందలి పాత శ్రుతి ఈ కొత్త వాద్యమున లేదు. సుతిగ్నాను నిందింపజాలను, అతడు పూనుకొననిచో ఆ వాద్యము వాకిళ్లయందే అంతరించియుండునేమో. ఆ పాత స్వరములకు ద, మి, న, తి, ల అని పేర్లిడి శాస్త్రము కల్పించిన మచ్యార్ కుసుమాదినాతయు ఉపాధ్యాయుడే. మనవలె క్రిందినుండి గాక, పైస్వరమునుండి దిగుచు లెక్కించుట అచటి పద్ధతి.

పాశ్చాత్యులలో మఱియొక త్రోవ తొక్కినవారు గలరు. 1889లో పారిసు ప్రదర్శనమున జావా మేళమును విని దెబుస్సీ ముగ్ధుడయ్యెను. ఆ మేళగాండ్రు సుందా తేయాకుతోటలనుండి వచ్చినవారే. 1978లో అమెరికావాడగు లూ హారిసన్ సుందీయుల దెగుంగు అను కంచుమేళమునకు పాశ్చాత్యుల కొమ్మును జతచేసి యొక కృతి రచించెను. ‘కలిసి వాయింతము’ అని దాని పేరునకు అర్థము. కంచు ఒకసారి పోతపోసి శ్రుతి చేసిన పిమ్మట వాయించునపుడు మారదు. కొమ్ము వాయించువాడు మాత్రము పెదవి బిగించియు, కొమ్ము నోట చేయి ఆనించియు స్వరమును సవరించుకొనగలడు. కనుక ఆ కృతియందు ఒదిగినది సుందీయుల కంచు గాదు, పాశ్చాత్యుల కొమ్మే.