మంచులో అమలాపురం నుంచి రాజోలు

జనవరి మొదటి వారం, తెల్లవారుజామున అయిదున్నర. అమలాపురంలో మీ ఇంటి వరండాలో వంగి కరెంటు కారు ప్లగ్గు తీస్తున్నారు. పిన్నులు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. పదహారు ఆంపియర్ల సాకెట్‌లోంచి గంటకి మూడు యూనిట్ల చొప్పున రాత్రంతా ఎక్కి, 24 యూనిట్ల బ్యాటరీ నిండింది. ఈ సాకెట్ కోసమే పెరట్లో కొత్తగా ఎర్తు గొయ్యి తీయించారు. పాత లోగిళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఫ్రిజ్జు, టీవీ ఎలాగో సర్దుకుపోతాయి గానీ కారు ఛార్జరు మాత్రం ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది.

బయట 18 డిగ్రీలు. రామాలయం మైకులో తిరుప్పావై వినిపిస్తోంది, గుడి మాత్రం మంచులో కనపడటం లేదు.

కారెక్కి తలుపు వేయగానే మీ ఊపిరికే అద్దం మసకబారుతుంది. ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట మారుస్తారు. చలిలో ఏసీ ఏమిటని వెనక సీట్లో అత్తయ్యగారు శాలువా బిగిస్తారు. ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది, ఆ పని వట్టి ఫ్యానుతో అవదు. అలాగని మరీ 18లో పెట్టారో, చల్లబడ్డ అద్దానికి ఈసారి బయటివైపు చెమ్మ పడుతుంది. కోనసీమ గాలిలో తేమ అంత! 25 దగ్గర ఉంచి, వైపరు ఒకసారి తిప్పితే చాలు. దీనికయ్యే ఖర్చు గంటకి ఒక యూనిట్ లోపే.

216 జాతీయ రహదారి ఎక్కుతారు. పెడల్ మీంచి కాలు తీస్తే బండి రోజూలా వెనక్కి పట్టి లాగదు, జారిపోతుంది. కొత్తవాళ్లు ఇది చలి వల్ల అనుకుంటారు. ఇక్కడ అసలు కారణం నిండు బ్యాటరీ. వేగం తగ్గించినప్పుడు పుట్టే కరెంటు దాచుకోవడానికి లోపల చోటు లేదు. నాలుగు కిలోమీటర్లు పోనిస్తే ఆ పట్టు మళ్లీ వస్తుంది. అందాకా బ్రేకు మీద కాలుండాలి.

ముందు పదిహేను గజాలకి మించి కనపడదు. హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది, వెంటనే దించుతారు. ఉన్నట్టుండి అరటి గెలల సైకిలు ఒకటి పొగమంచులోంచి ఊడిపడుతుంది. అతనికి మీ బండి చప్పుడు వినపడలేదు. డీజిల్ బండైతే అల్లంత దూరాన్నుంచే తెలిసేది. ఇక్కడ హారనే మీ ఇంజను చప్పుడు, మొహమాటపడకండి.

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ నది కింద ఉందో లేదో తెలియదు. ముప్పై వేగంతో దాటి పాశర్లపూడి చేరతారు. 1995 జనవరి 8న ఇక్కడి ఓఎన్‌జీసీ బావి పేలి, 65 రోజులు మండింది. అప్పటికే పెద్దవాళ్లయిన వారెవరినైనా అడగండి, రాత్రిళ్లు ఆకాశం ఎలా ఎర్రబడిందో చెబుతారు. గ్యాసు ఈ నేలలోనే ఉన్నా, మీరు మాత్రం పొగ గొట్టం లేని బండిలో ఆ ఊరు దాటుతున్నారు.

తాటిపాకలో టీ కోసం ఆపుతారు. కొట్టాయన గ్లాసు అందిస్తూ బానెట్ మీద చెయ్యేసి చూస్తాడు. "ఏడెక్కలేదేంటండీ? సలికి బేటరీ డౌనైపోద్దంట గదండీ?"

ఆయనకీ వచ్చినట్టుంది, మీ మేనల్లుడు షికాగో నుంచి పంపినటువంటి వీడియోయే. 2024 జనవరిలో అక్కడ సున్నాకి బాగా దిగువన గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ స్టేషన్ల ముందు కార్లు బారులు తీరి ఆగిపోయాయి. అది నిజమే. సున్నా దిగువన బ్యాటరీలో లిథియం కదలిక మందగిస్తుంది. ఆ స్థితిలో జోరుగా ఛార్జ్ చేస్తే లిథియం లోపలే లోహంలా పేరుకుని సెల్లు పాడవుతుంది కాబట్టి బండే ఛార్జింగ్‌ని నెమ్మదింపజేస్తుంది. పైగా కారులో వెచ్చదనానికి హీటరు మొదట్లో గంటకి మూడు నాలుగు యూనిట్ల లెక్కన లాగుతుంది. పెట్రోలు బండికైతే ఇంజను వేడి ఊరికే దొరికేది. అంత చలిలోనూ నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 కరెంటువే. బయల్దేరే ముందు ప్లగ్గులో ఉండగానే బండిని వెచ్చబెట్టుకోవడం వాళ్లకి అలవాటు.

"మన సలి దీనికి సలే కాదండీ," అంటారు మీరు.

"ఆయ్!" అంటాడాయన, సగమే నమ్మి.

రాజోలు చేరేసరికి మంచు పలచబడి, దాళ్వా నాట్లకి దున్నిన చేలు కనిపిస్తాయి. పాతిక ముప్పై కిలోమీటర్లకి ఖర్చయింది నాలుగు యూనిట్ల చిల్లర. వేసవిలో ఎనభై వేగంతో, ఏసీ హోరులో వచ్చినప్పటికంటే తక్కువే. మంచు మీ వేగం తగ్గించింది, గాలిని చీల్చే శ్రమ తగ్గి బ్యాటరీ మిగిలింది. చలికి తగ్గిందల్లా టైర్లలో గాలి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు పడితే ఒక పాయింటు పోతుంది, బంకులో పట్టించుకోండి.

జాగ్రత్త పడాల్సింది సంక్రాంతి సెలవులకి లంబసింగి వెళితేనే. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, సున్నాకి దగ్గరగా దిగే రాత్రులు, దానికి తోడు ఘాటు ఎక్కుడు. కింద మైదానంలోనే బాగా ఛార్జ్ చేసుకుని ఎక్కండి. బస దగ్గర సాకెట్ ఉంటే, తెల్లారి చూద్దామనుకోకుండా, బండి దిగగానే బ్యాటరీ వెచ్చగా ఉన్నప్పుడే ప్లగ్గు పెట్టేయండి.