‘రా’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

యానాంలో గుమ్మం దగ్గరికొచ్చిన వారిని ‘రండి’ అంటాం, ‘వచ్చండి’ అనం. చెప్పు, వెళ్ళు అన్నప్పుడు క్రియే ఆజ్ఞ అవుతుంది. ‘వచ్చు’, ‘తెచ్చు’ మాత్రం ‘రా’, ‘తే’ అవుతాయి. వ్యాకరణం వీటికి అపవాదమని పేరు పెట్టి వదిలేస్తే అన్యాయమే, ఎందుకంటే పాత రూపం బతికున్నది ఇక్కడే. తమిళంలో ‘వర’ అంటే రావడానికి. అలాంటి రూపంలోనే తెలుగులో అచ్చూ హల్లూ తావులు మారి ‘వ్రా’ అయింది, ఆపైన వకారం జారిపోయి ‘రా’ మిగిలింది. రాను, రాలేదు, రాక అన్నీ దాని సంతానమే. ఇలాంటి క్రియల చరిత్రను భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో వచ్చిన ‘తెలుగు వెర్బల్ బేసెస్’లో ఓపికగా తవ్వారు.

1954 దాకా యానాంను ఏలిన ఫ్రెంచివారి భాషలోనూ ఇంతే: ‘ఆలే’ అంటే వెళ్ళడం, ఆజ్ఞ ‘వా’. పుదుచ్చేరి తమిళులకు ‘వా’ అంటే రమ్మని! స్పానిష్‌లో ‘నువ్వు’ అనే చనువుతో ఆజ్ఞాపించేటప్పుడు ఇలా దారి తప్పేవి ఎనిమిది. ‘వెనీర్’ (రావడం) ‘వెన్’ అవుతుంది, ‘దెసీర్’ (చెప్పడం) ఒట్టి ‘ది’ అవుతుంది. ఏ భాషలోనైనా రోజూ నోట్లో నలిగే క్రియలే ఇలా పాత రూపాన్ని పట్టుకుని ఉంటాయి.