చాక్లెట్ కర్మాగారంలో మేరీ వుడ్

హెచ్.ఆర్. అనగానే నావంటి ఉద్యోగికి ముందు గుర్తొచ్చేది జీతం చీటీ, ఆ పిదప రాజీనామా పత్రం. బ్రిటన్‌లో ఈ వృత్తికి మూలపురుషుడెవరా అని వెదకబోతే ఎదురైనది ఒక స్త్రీ!

1896లో యార్క్ నగరంలోని రౌంట్రీ వారి కోకో, చాక్లెట్ కర్మాగారం మేరీ వుడ్‌ను నియమించింది. అక్కడ పనిచేసే స్త్రీల, పిల్లల ఆరోగ్యమూ నడవడీ కనిపెట్టి ఉండడం ఆమె విధి. దానికి పెట్టిన పేరు 'సంక్షేమం'. చిక్కంతా ఆ మాటలోనే ఉందని నా అనుమానం. ఎవరు జబ్బుపడి రావడం లేదో, ఎవరు ఎందుకు పని మానుతున్నారో తెలియకుండా ఏ యజమాని రేపటి ఉత్పత్తిని లెక్కకట్టగలడు? వ్యాపారానికి ఆయువుపట్టు వంటి ఆ ఎరుకను దయాధర్మాల పద్దులో రాశారు. దయ ఆడవారి సొత్తు కదా మరి!

1913లో యార్క్‌లోనే సంక్షేమోద్యోగుల సంఘం ఏర్పడింది. సభ్యుల్లో అధికులు స్త్రీలే. 1931లో దాని పేరులో సంక్షేమం పోయి 'కార్మిక నిర్వహణ' వచ్చింది, 1946లో 'సిబ్బంది నిర్వహణ'. 1970 నాటికి అందులో స్త్రీలు అల్పసంఖ్యాకులు.

ఈ శాఖకు వ్యాపార వ్యూహంలో చోటుండాలన్న వాదం 1980లలో కొత్త సంగతిగా వినవచ్చింది. ఆ అంశంపై 1984లో తొలితరం గ్రంథమొకటి వెలువరించిన ముగ్గురిలో ఒకరు మేరీ ఆన్ దెవన్నా. ఆ పేరు చదవగానే నాకు యార్క్ మేరీయే తలపుకు వచ్చింది.